ఎంత చెట్టుకు అంత గాలి

రోటరీ ఇంజిన్ సంగతి కాస్త తెలిసినవారు ఎవరైనా ముందుగా అడిగే ప్రశ్న ఇది: “ఇంజిన్ చిన్నది, తేలికైనది, నిమిషానికి 9,000 చుట్లు తిరిగినా వణకదు. ఉన్న లోటల్లా నిదానంగా పోయేటప్పుడు లాగుడు చాలకపోవడమే. గాలిని లోపలికి బలవంతాన నెట్టే పంపు ఒకటి తగిలిస్తే అదీ తీరిపోతుంది కదా, ఇంక ఆలోచన దేనికి?” న్యాయమైన ప్రశ్నే. జవాబులో మొదటి సగం అడిగినవారి పక్షానే ఉంటుంది కూడా. పంపు తగిలిస్తే రోటరీ ఇంజిన్ బలం పెరుగుతుంది, చాలా పిస్టన్ ఇంజిన్లలో కన్నా సులువుగా పెరుగుతుంది. చిక్కంతా రెండో సగంలో ఉంది. రోజూ ఆఫీసుకు పోయిరావలసిన, ట్రాఫిక్‌లో ఆగి ఆగి నడవవలసిన, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టి మళ్ళీ స్టార్టు చేయవలసిన కారుకు ఆ పెరిగిన బలం గిట్టుబాటవుతుందా? అవదనీ, రోడ్డు కారులో రోటరీ ఇంజిన్ తన గాలి తానే పీల్చుకోవడం మేలనీ ఈ అధ్యాయంలో వాదించబోతున్నాను. ఎదుటి పక్షం వాదనల్లో గట్టివి కొన్ని ఉన్నాయి. వాటినీ చూద్దాం.

మన పాఠకుల్లో చాలామందికి మజ్దా అనగానే స్వరాజ్ మజ్దా వ్యాన్లూ, మినీ బస్సులూ గుర్తొస్తాయి. ఆ పేరులో ఉన్న మజ్దాయే, హిరోషిమా ప్రాంతపు జపాన్ కంపెనీయే, మిగతావాళ్ళంతా వదిలేసిన రోటరీ ఇంజిన్‌ను అర్ధశతాబ్దానికి పైగా పట్టుకుని వేలాడింది. ఆర్‌ఎక్స్-7, ఆర్‌ఎక్స్-8 కార్లను అది మన దేశంలో అమ్మలేదు గానీ, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండే తెలుగువాళ్ళకు సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో ఇవి ఇప్పటికీ ఎదురవుతుంటాయి. చవకగా దొరికిన కారుకు పంపు పెట్టించుకుందామన్న ఆశ పుట్టేది అక్కడే. ఆ పంపుల్లో రెండు రకాలు. ఇంజిన్ షాఫ్టు నుంచి బెల్టు వేసి తిప్పేది సూపర్‌చార్జర్. బయటికి పోయే పొగ వేగంతో తిరిగేది టర్బో. ఏ పంపూ లేనిదాన్ని సొంత ఊపిరి ఇంజిన్ అందాం.

ఊపిరి ఎక్కడ ఆడటం లేదు?

జర్మనీలో ఫెలిక్స్ వాంకెల్ ఆలోచన ఎన్‌ఎస్‌యూ కంపెనీ చేతుల్లో 1957లో మొదటిసారి ఇంజిన్ రూపంలో తిరిగింది. 1961లో మజ్దా ఆ హక్కులు తీసుకుంది, 1967లో కాస్మో స్పోర్ట్ కారును అమ్మకానికి పెట్టింది. లోపల ఉన్నది నడుము దగ్గర కొంచెం నొక్కుకుపోయిన అండాకారపు గది, అందులో తిరిగే పక్కలు ఉబ్బిన త్రిభుజం. ఆ త్రిభుజమే రోటర్. దాని మూడు కొనలూ ఎప్పుడూ గది గోడను ఒరుసుకుంటూ పోతాయి కాబట్టి గోడకూ రోటర్‌కూ మధ్య మూడు అరలు ఏర్పడతాయి. రోటర్ తిరిగేకొద్దీ ఒక్కో అర పెద్దదవుతూ చిన్నదవుతూ ఉంటుంది. ఒకచోట గాలీ పెట్రోలూ లోపలికి వస్తాయి, ఇంకోచోట నొక్కుకుపోతాయి, ప్లగ్గుల దగ్గర మండుతాయి, చివరికి పొగ బయటికి పోతుంది. పిస్టన్ ఇంజిన్ ఈ నాలుగు పనులనూ ఒకే సిలిండరులో వంతులవారీగా చేస్తుంది. ఇక్కడ ఒక్కో పనికి ఒక్కో చోటు. గాలికీ పొగకూ వాల్వులు లేవు. గోడల్లో తొలిచిన పోర్టులే దారులు. రోటరే తిరుగుతూ వాటిని మూస్తుంది, తెరుస్తుంది.

మన ప్రశ్నకు కావలసిన ముఖ్యమైన సంగతి ఈ ఏర్పాటులోనే ఉంది. పిస్టన్ ఇంజిన్‌కు గాలి పీల్చడానికి షాఫ్టు అర చుట్టు తిరిగేంత వ్యవధి దొరికితే, రోటరీకి ముప్పాతిక చుట్టు దొరుకుతుంది. గాలికి అడ్డంగా వాల్వు తల ఉండదు, వేగం పెరిగితే అదుపు తప్పే వాల్వు స్ప్రింగు ఉండదు. అందుకే వేగం హెచ్చినకొద్దీ పిస్టన్ ఇంజిన్‌కు ఊపిరి బిగబడుతుంటే రోటరీ హాయిగా తిరుగుతుంది. గాలి నెట్టే పంపు ఊపిరాడని ఇంజిన్‌కు మంచి మందు. రోటరీకి పైవేగాల్లో ఆ జబ్బు లేదు.

మరి కింది వేగాల్లో లాగుడు తక్కువెందుకు? కారణాలు మూడు. మొదటిది, అరలకు మధ్య అడ్డుగా ఉన్నవి సన్నని సీళ్ళే. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంటే నొక్కిన గాలికి ఆ సందుల్లోంచి తప్పించుకోవడానికి ఎక్కువ సమయం దొరుకుతుంది. రెండోది, మంట పుట్టే అర పొడుగ్గా, పల్చగా ఉంటుంది. దాని గోడల వైశాల్యం ఎక్కువ కాబట్టి మంటలోని వేడిని అవి లాగేసుకుంటాయి, ఒక చివర మిశ్రమం సరిగా మండకుండానే పోతుంది. మూడోది పోర్టుల లోపం. పైవేగాలకు అనువుగా పోర్టును పెద్దదిగా, ఆలస్యంగా మూసుకునేలా తొలిస్తే, కింది వేగాల్లో లోపలికి వచ్చిన గాలి కొంత వచ్చిన దారినే వెనక్కి పోతుంది. పంపు పెడితే మొదటి లోపం తగ్గదు, పీడనం పెరిగి ఇంకాస్త కారుతుంది. రెండోదాని జోలికే అది పోదు. మూడోదాన్ని మాత్రం వెనక్కి పోబోయే గాలిని ఎదురునెట్టి ఎంతోకొంత కప్పిపుచ్చుతుంది.

ఆ మూడోదానికి పంపు లేని చికిత్స మజ్దా ఇంజినీర్లు ముందే కనిపెట్టారు. 1980ల ఆర్‌ఎక్స్-7లో రెండు రోటర్లకూ కలిపి ఆరు గాలి పోర్టులు పెట్టి, అందులో రెండింటిని పైవేగాల్లో మాత్రమే తెరిచే ఏర్పాటు చేశారు. కింది వేగాల్లో పోర్టు తొందరగా మూసుకున్నట్టే లెక్క, గాలి వెనక్కి పోదు. అక్కడితో ఆగలేదు. ఒక రోటర్ దగ్గర పోర్టు ఠక్కున మూసుకున్నప్పుడు గొట్టంలో పుట్టే పీడన తరంగం వెనక్కి వచ్చి రెండో రోటర్ పోర్టు దగ్గరికి సరైన క్షణంలో చేరేలా గొట్టాల పొడవులు కొలిచి పెట్టారు. ఆ తరంగం ఇంకొన్ని గుక్కల గాలిని లోపలికి తోస్తుంది. ఇదీ గాలి నెట్టడమే. దీనికి బెల్టు అక్కర్లేదు, గాలి పంపులో పడి వేడెక్కదు, ఖర్చు గొట్టం పొడవొక్కటే. 1991లో లె మాన్ 24 గంటల పందెం గెలిచిన మజ్దా 787బి కారులో ఈ పద్ధతి పతాకస్థాయికి చేరింది. నాలుగు రోటర్లు, 700 హార్స్‌పవర్, వేగాన్నిబట్టి పరుగులోనే పొడవు మార్చుకునే గాలి గొట్టాలు. టర్బో లేదు, సూపర్‌చార్జర్ లేదు. పందెపు కారును చూపించి రోడ్డు కారుకు తీర్పు చెప్పడం సబబు కాదని నాకూ తెలుసు. రోటరీ ఊపిరికి ఉన్న హద్దు ఎంత దూరాన ఉందో చూపడానికే ఈ ప్రస్తావన.

పంపు చేసే పని, పుచ్చుకునే కూలి

వాతావరణ పీడనానికి ఇంకో సగం కలిపి గాలిని నెట్టామనుకుందాం. ఒకటిన్నర రెట్లు గాలి, కాబట్టి ఒకటిన్నర రెట్లు బలం అని మనసు లెక్క కట్టేస్తుంది. అలా రాదు. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. పంపు తన పనిని నూటికి నూరుపాళ్ళు సమర్థంగా చేసినా వేడెక్కుతుంది, 70 పాళ్ళే చేస్తే ఇంకా వేడెక్కుతుంది. బయట 35 డిగ్రీలున్న గాలి అలాంటి పంపు దాటేసరికి 90 డిగ్రీల దరిదాపుకు వస్తుంది. వేడి గాలి పల్చన. లెక్క తేలేది ఇలా: లోపలికి పోయేది 50 శాతం ఎక్కువ గాలి అనుకున్నాం, నిజానికి 27 శాతమే ఎక్కువ. మధ్యలో ఇంటర్‌కూలర్ పెట్టి 50 డిగ్రీలకు చల్లార్చగలిగితే 43 శాతం దాకా పోవచ్చు. ఆపైన పంపు ఊరికే తిరగదు. 250 హార్స్‌పవర్ ఇంజిన్‌కు తగిలించిన బెల్టు పంపు ఆ షాఫ్టు నుంచే 15 హార్స్‌పవరో, ఇంకాస్త ఎక్కువో తీసుకుంటుంది.

బెల్టు పంపుకు రోటరీతో ఇంకో పేచీ ఉంది. బెల్టు నిష్పత్తి ఒకసారి బిగించాక మారదు. పిస్టన్ ఇంజిన్ 6,500 దగ్గర ఆగిపోతుంది కాబట్టి పంపును కాస్త జోరుగా తిరిగేలా బిగించుకోవచ్చు. రోటరీ 8,000, 9,000 దాకా పోతుంది. కింద మంచి ఒత్తిడి రావాలని పుల్లీ చిన్నది వేస్తే పైన పంపు దాని సొంత వేగ పరిమితిని దాటిపోతుంది. పైన భద్రంగా ఉండాలని పుల్లీ పెద్దది వేస్తే, మనం పంపు పెట్టిందే కింది లాగుడు కోసం, అక్కడే వెలితి మిగులుతుంది. గాలిని విసిరే సెంట్రిఫ్యూగల్ రకం పంపుల్లో ఇది మరీ ఎక్కువ. వాటి ఒత్తిడి వేగం వర్గాన్నిబట్టి పెరుగుతుంది, అంటే వేగం సగమైతే ఒత్తిడి పావువంతుకు పడిపోతుంది. రోటరీకి బలం చాలనిచోట ఇవ్వక, ఉన్నచోటే పోస్తాయి.

మజ్దా ఏం చేసిందో చూస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. సూపర్‌చార్జర్ తెలియని కంపెనీ కాదది. 1993లో వచ్చిన యూనోస్ 800 కారులో వీ6 పిస్టన్ ఇంజిన్‌కు బెల్టుతో తిరిగే లిషోమ్ రకం పంపును పెట్టి అమ్మింది. రోటరీలకు మాత్రం 1982 కాస్మో నుంచి మొదలుపెట్టి గాలి నెట్టాలనుకున్న ప్రతిసారీ టర్బోనే ఎంచుకుంది. కారణం ఊహించడం కష్టం కాదు. పొడుగాటి అరలో మంట ఆలస్యంగా ముగుస్తుంది, పొగ పోర్టు తొందరగా తెరుచుకుంటుంది, కాబట్టి రోటరీ పొగలో వృథాగా పోయే శక్తి చాలా ఎక్కువ. ఎలాగూ పారబోసే ఆ శక్తితో టర్బో తిరుగుతుంది. సూపర్‌చార్జర్ దాన్ని ముట్టుకోదు, షాఫ్టు మీదే పడి తింటుంది. ఇంత చెప్పాక సూపర్‌చార్జర్‌కు రావలసిన మార్కులు కూడా ఇచ్చేయాలి. బలం తెరలు తెరలుగా కాక కాలు నొక్కినంత మేరకే వస్తుంది. ఎర్రగా కాలే టర్బైన్ ఇంజిన్ పక్కన ఉండదు. గొట్టాల గందరగోళం తక్కువ. రోడ్డు మీద నడిపేవాడికి ఇవి చిన్న సుగుణాలేమీ కావు.

వేడి ఎప్పుడూ ఒకే పక్క

రోటరీకి పంపు పెట్టడంలో అసలు ఆటంకం గాలి దగ్గర లేదు, వేడి దగ్గర ఉంది. పిస్టన్ ఇంజిన్‌లో మంట మండిన సిలిండరులోకే తరవాతి గుక్కలో చల్లని గాలి వస్తుంది. కాలిన చోటే కాస్త చల్లారుతుంది. రోటరీలో ఆ అవకాశం లేదు. చల్లగాలి వచ్చే పక్కకు ఎప్పుడూ చల్లగాలే, మంట మండే పక్కకు ఎప్పుడూ మంటే. స్టవ్ మీద పెనం పక్కకు జరిగి మంటంతా ఒక అంచు కిందే పడుతోందనుకోండి. ఆ అంచున దోసె మాడుతుంటుంది, ఎదుటి అంచున పిండి పిండిగానే ఉంటుంది. సెగ చాలడం లేదని స్టవ్ పెంచితే పచ్చిగా ఉన్నవైపు కాలదు, మాడినవైపే బొగ్గవుతుంది. దోసెనైతే తిప్పి వేసుకోవచ్చు, ఇంజిన్ గదిని తిప్పి వేయలేం. పంపుతో ఎక్కువ గాలి, దానికి తగిన పెట్రోలు లోపలికి పంపిస్తే పెరిగే వేడంతా ముందే కాలిపోతున్న ఆ ఒక్క పక్క మీదే పడుతుంది.

ఇక ఆ గది నిర్మాణం చూడండి. చుట్టు గోడ అల్యూమినియం, పక్క పలకలు పోత ఇనుము. రెంటినీ పొడుగాటి బోల్టులతో ఒక దొంతరగా బిగిస్తారు. వేడెక్కితే అల్యూమినియం ఇనుముకన్నా ఎక్కువ సాగుతుంది. సందుల్లో కూలింగ్ నీళ్ళు లోపలికి రాకుండా ఆపేవి రబ్బరు సీళ్ళు. ఒక్కసారి ఇంజిన్ మితిమీరి కాగిందంటే ఆ రబ్బరు గట్టిపడిపోతుంది. ఆ తరవాత ఒక పొద్దున స్టార్టు చేయగానే తెల్లటి పొగ వస్తుంది, నీళ్ళ డబ్బాలో మట్టం రోజురోజుకూ దిగుతుంటుంది. పిస్టన్ ఇంజిన్‌కైతే హెడ్ గాస్కెట్ మార్చి పంపించేస్తారు, ఇక్కడ ఇంజిన్ మొత్తం దించి విప్పాలి.

అన్నిటికన్నా నాజూకైనది రోటర్ కొనల్లో ఉండే అపెక్స్ సీల్. ఆర్‌ఎక్స్-7లోని 13బి ఇంజిన్‌లో దాని పొడవు రోటర్ వెడల్పంత, అంటే 80 మిల్లీమీటర్లు. మందం మాత్రం 1986 మోడళ్ళ నుంచి 2 మిల్లీమీటర్లే. కొనలో చెక్కిన గాడిలో, వెనక చిన్న పట్టీ స్ప్రింగుతో కూర్చుని, గోడను ఒరుసుకుంటూ, రెండు పక్కలా రెండు వేరువేరు పీడనాలను తట్టుకుంటూ తిరుగుతుంది. 1960ల్లో మజ్దా ఇంజినీరు కెనిచి యమమోటో బృందాన్ని ఏళ్ళతరబడి ఏడిపించింది ఈ ముక్కే. అది కంపించి గోడ మీద గీసిన చారలకు వాళ్ళు దెయ్యపు గోళ్ళ గీతలని పేరు పెట్టుకున్నారు. ఆ కంపనాన్ని జయించారు గానీ, పోత ఇనుపముక్క పెళుసుతనం పోలేదు. లోపల మిశ్రమం ప్లగ్గు మంట కోసం ఆగకుండా తనంత తానే భగ్గుమంటే, మెకానిక్కులు నాకింగ్ అంటారే అది, పిస్టన్ ఇంజిన్ టకటకమని మొత్తుకుంటుంది, కొంతకాలం ఓర్చుకుంటుంది. రోటరీ అంత చప్పుడూ చేయదు, అంతసేపూ ఓర్చుకోదు. సీలు విరుగుతుంది. విరిగిన ముక్క గోడ మీది క్రోమియం పూతను గీరుకుంటూ పొగ పోర్టులోంచి పోతుంది. దారిలో టర్బో ఉంటే దాని రెక్కలనూ కొట్టి పోతుంది. నాకింగ్‌ను పుట్టించేవి వేడి గాలి, అధిక పీడనం, నాసి పెట్రోలు. మొదటి రెండూ పంపు తెచ్చిపెట్టేవే, మూడోది బంకువాడి దయ.

“రోడ్డు మీద ఎవరూ గంటలకొద్దీ పూర్తిగా కాలు నొక్కి పట్టరు కదా, పంపు ఒత్తిడి వచ్చేది క్షణాలు కదా” అన్న అభ్యంతరం ఇక్కడ వస్తుంది. వినడానికి బాగుంది. కానీ 6,000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో రోటర్ సెకనుకు 100 సార్లు మండుతుంది. కనురెప్ప వాల్చి ఎత్తేలోగా ముప్ఫై మంటలు. సీలుకు వాటిలో కొన్ని చెడ్డవి చాలు. పైగా ఆ క్షణాలు ఎప్పుడు వస్తాయి? అరగంట ట్రాఫిక్‌లో నిలిచి, రేడియేటర్‌కు ఎదురుగాలి తగలక, పంపూ ఇంటర్‌కూలరూ కూడా కాగిపోయి ఉన్నప్పుడు, దారి దొరికిందని కాలు నొక్కినప్పుడు. పందెపు మైదానంలో పెట్రోలు ఏదో తెలుసు, ఒక్కో పరుగుకూ వ్యవధి తెలుసు, దిగగానే మెకానిక్ బానెట్ ఎత్తి చూస్తాడు. రోడ్డు కారును అద్దె ఇల్లులా చూసుకునేవాళ్ళే ఎక్కువ. సొంత ఊపిరి ఇంజిన్ ఆ నిర్లక్ష్యాన్ని కొంతవరకు మన్నిస్తుంది.

ఒకే ఇంజిన్, రెండు దారులు

ఊహలతో పని లేకుండా పోల్చి చూసుకునే అవకాశం చరిత్రే ఇచ్చింది. 1986 నుంచి 1991 దాకా అమెరికాలో ఆర్‌ఎక్స్-7 రెండు రకాలుగా అమ్ముడైంది. రెంటిలోనూ 1,308 సీసీల 13బి ఇంజినే. మొదట్లో సొంత ఊపిరిది 146 హార్స్‌పవర్, టర్బోది 182. లాగుడు ఒకదానిది 187 న్యూటన్ మీటర్లు, రెండోదానిది 248. అంటే బలం నాలుగోవంతు, లాగుడు మూడోవంతు పెరిగాయి. ఇందుకు చెల్లించిన మూల్యంలో ఒకటి కంప్రెషన్, అంటే గాలిని లోపల నొక్కే నిష్పత్తి. నాకింగ్ భయంతో 9.4 నుంచి 8.5కు దించారు. అలా దించితే పంపు ఒత్తిడి లేనప్పుడు, అంటే రోడ్డు మీద మనం నడిపే సమయంలో అధికభాగం, ఇంజిన్ ముందుకన్నా మందంగా ఉంటుంది, పెట్రోలూ ఎక్కువ తాగుతుంది. నిండు ఒత్తిడిలోనైతే అవసరానికి మించి పెట్రోలు పోస్తారు. మండటానికి కాదది, ఆవిరై అరను చల్లార్చడానికి. మైలేజీ విషయంలో ముందే చెడ్డపేరున్న ఇంజిన్‌కు ఇది గోరుచుట్టు మీద రోకటి పోటు.

గాలి నెట్టే పక్షం వాళ్ళకు బ్రహ్మాస్త్రం 1991లో వచ్చిన మూడో తరం ఆర్‌ఎక్స్-7. ఒకదాని తరవాత ఒకటి పనికి దిగే జంట టర్బోలు, అమెరికాలో 255 హార్స్‌పవర్, బరువు 1,300 కిలోల లోపు. నడిపినవాళ్ళు మరిచిపోలేని కారు, అందులో సందేహం లేదు. కింది వేగాల్లో లాగుడు లేదన్న ఫిర్యాదును చిన్న వేగంలోనే పుంజుకునే మొదటి టర్బో తీర్చేసింది. అయితే 4,500 ఆర్‌పీఎం దగ్గర రెండో టర్బోను రంగంలోకి దించడానికి వ్యాక్యూమ్ గొట్టాల, సోలినాయిడ్ల వల ఒకటి ఇంజిన్ మీద అల్లుకుని ఉంటుంది. ఆ రబ్బరు గొట్టాలున్నది రోటరీ సెగలో. ఏళ్ళు గడిచేకొద్దీ అవి బిరుసెక్కి, పగిలి, ఊడుతుంటే ఒత్తిడి అదుపు తప్పుతుంది. ఒత్తిడి పెరిగి పెట్రోలు పెరగకపోతే ఏమవుతుందో పైన చెప్పుకున్నాం. అమెరికాలో ఆ కారు 1993 నుంచి 1995 దాకానే అమ్ముడైంది. ఆ ఇంజిన్ చెడ్డదని నేననను. అంత నైపుణ్యంతో ఫ్యాక్టరీయే కట్టిన ఏర్పాటుకు అంత శ్రద్ధ అవసరమైతే, పెరటి గ్యారేజీలో బిగించిన కిట్టుకు ఎంత కావాలో లెక్క వేసుకోవచ్చు.

తరవాత 2003లో మజ్దా మళ్ళీ సొంత ఊపిరికి తిరిగొచ్చింది. ఆర్‌ఎక్స్-8లోని రెనెసిస్ ఇంజిన్ అదే 1,308 సీసీ. పొగ పోర్టులను చుట్టు గోడ నుంచి తీసి పక్క పలకల్లోకి మార్చారు. దాంతో గాలి దారీ పొగ దారీ ఒకేసారి తెరిచి ఉండే అవకాశం పోయింది, గాలి పోర్టులను పెద్దవి చేసుకునే వీలు చిక్కింది, కంప్రెషన్ 10కి పెరిగింది. అమెరికా లెక్కలో 230 హార్స్‌పవర్ దాటింది. పంపు లేకుండా, పదిహేనేళ్ళ కిందటి తన టర్బో అన్న కన్నా ఎక్కువ. లాగుడు మాత్రం 216 న్యూటన్ మీటర్ల దగ్గరే ఆగింది, అదీ 5,500 ఆర్‌పీఎం దగ్గర. టర్బోదాన్ని అందుకోలేకపోయింది. ఇది ఒప్పుకోవలసిన ఓటమే.

లాగుడు మాటేమిటి?

ఇంజిన్ దగ్గరి లాగుడు వేరు, చక్రం దగ్గరి లాగుడు వేరు. మధ్యలో గేర్లున్నాయి. 9,000 దాకా తిరిగే ఇంజిన్‌కు 6,500 దగ్గర ఆగే ఇంజిన్ కన్నా దాదాపు 1.4 రెట్లు బిగువైన గేరు వేసుకోవచ్చు, ఏ గేరులోనూ గరిష్ఠ వేగం తగ్గదు. అప్పుడు 216 న్యూటన్ మీటర్లు చక్రం దగ్గర మరో ఇంజిన్ 300 ఇచ్చినట్టే పనిచేస్తాయి. ఆర్‌ఎక్స్-8లో మజ్దా చేసింది ఇదే. ఆరు గేర్ల పెట్టె, 4.44 నిష్పత్తి ఉన్న వెనక యాక్సిల్. దీనికీ ఖరీదు ఉంది. హైవే మీద ఇంజిన్ ఎప్పుడూ హోరుమంటూనే ఉంటుంది, అమెరికా ప్రభుత్వ లెక్క ప్రకారమే మైలేజీ సగటున లీటరుకు 8 కిలోమీటర్లు దాటదు, పికప్ కావాలంటే గేరు దించక తప్పదు. ఇవి నచ్చనివారికి పంపు పెట్టిన రోటరీ కూడా నచ్చదు. వాళ్ళకు కావలసింది పెద్ద పిస్టన్ ఇంజిన్. ఈ మాట చెప్పడానికి రోటరీ అభిమానులు ఎందుకో మొహమాటపడతారు.

“సొంత ఊపిరి ఆర్‌ఎక్స్-8 ఇంజిన్లు మాత్రం చెడిపోలేదా?” అన్నది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. చెడిపోయాయి. ఎంతగా అంటే అమెరికాలో 2004 నుంచి 2008 దాకా మోడళ్ళకు ఇంజిన్ వారంటీని 8 ఏళ్ళు లేదా లక్ష మైళ్ళకు కంపెనీ పొడిగించవలసి వచ్చింది. కానీ అవి చెడిన తీరు చూడాలి. సీళ్ళకు అందే ఆయిల్ చాలక, ఇగ్నిషన్ కాయిల్స్ నీరసించి మంట సరిగా పడక, మసి పేరుకుని, సీళ్ళు మెల్లగా అరిగి కంప్రెషన్ దిగుతూ పోతుంది. ఇంజిన్ బోరుకొచ్చిందని మన మెకానిక్కులు అనే పరిస్థితికి దగ్గరిది. వేడి ఇంజిన్ మళ్ళీ స్టార్టు కావడానికి మొరాయించడం దాని మొదటి సూచన, నెలల ముందే కనిపిస్తుంది. కాయిల్స్ వేళకు మార్చుకుని, ఆయిల్ మట్టం చూసుకుంటూ ఉంటే వాయిదా వేసుకోవచ్చు. నాకింగ్‌తో విరిగే సీలు అలాంటి గడువు ఇవ్వదు. ఇంకో విడ్డూరం కూడా ఉంది. చవకగా దొరుకుతుంది కాబట్టి సూపర్‌చార్జర్ పెట్టాలన్న ఆశ ఎక్కువగా పుట్టేది ఆర్‌ఎక్స్-8 మీదే. దాని కంప్రెషనేమో ఎక్కువ, రెండు రోటర్ల పొగా కలిసి పోయే నడిమి పోర్టేమో ముందే సెగలు కక్కుతుంటుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడే ప్రమాదం ఎక్కువున్నది ఆ ఇంజిన్‌లోనే.

2023లో మజ్దా ఎంఎక్స్-30 కారుకు మళ్ళీ రోటరీ పెట్టింది. ఒకే రోటర్, 830 సీసీ, 75 హార్స్‌పవర్ స్థాయి, చక్రాలతో సంబంధం లేకుండా బ్యాటరీకి కరెంటు తయారుచేయడమే పని. అపెక్స్ సీల్ మందాన్ని 2 నుంచి 2.5 మిల్లీమీటర్లకు పెంచారు. పంపు పెట్టలేదు. జనరేటర్‌ను తిప్పే ఇంజిన్‌కు పికప్‌తో పని లేదు కాబట్టి దీన్ని నా వాదనకు పెద్ద సాక్ష్యంగా చూపను. సీలు మందం పెంచారన్న సంగతి మాత్రం గమనించదగ్గది.

ఇంత విన్నాక కూడా పంపు పెట్టి తీరాలనుకునేవారు ఉంటారు. వాళ్ళు రెనెసిస్ జోలికి పోకుండా, పొగ పోర్టు చుట్టు గోడలో ఉన్న పాత 13బిని, అందులోనూ కంప్రెషన్ తక్కువ ఉన్నదాన్ని ఎంచుకోవడం మంచిది. రోడ్డుకైతే వాతావరణ పీడనంలో మూడోవంతు అదనపు ఒత్తిడి చాలు. డబ్బు ముందుగా పెట్టవలసింది రేడియేటర్, ఆయిల్ కూలర్, పెట్రోలు పంపుల మీద, గాలి పంపు మీద తరవాత. అన్నిటికన్నా ముందు కంప్రెషన్ చెక్ చేయించాలి. మామూలు గేజి పనికిరాదు, అది రోటర్ మూడు ముఖాల్లో పెద్ద అంకెనే చూపిస్తుంది. ప్రతి రోటర్ మూడు ముఖాలనూ విడివిడిగా చూపే రోటరీ టెస్టర్ కావాలి. రెనెసిస్‌కు మజ్దా పెట్టిన కనీస హద్దు 250 ఆర్‌పీఎం దగ్గర 680 కిలోపాస్కళ్ళు. ఏ ఇంజిన్‌కైనా కంపెనీ చెప్పిన హద్దుకు ఒక్క ముఖం దిగువన ఉన్నా, ముఖాల మధ్య తేడా ఎక్కువ ఉన్నా, సూపర్‌చార్జర్‌కని దాచుకున్న సొమ్ము రీబిల్డుకు పోవలసిందే.